చుక్క పక్కన చుక్క

సోమశేఖర్‌ను మోసం చేసే మనిషి ఎమ్మిగనూరులో ఇంకా పుట్టలేదు. ఈ మాట ఊళ్లోవాళ్లు అనేది కాదు, సోమశేఖరే అనుకునేది. పాలు పోసే ఆమె ఎదుట నిలబడి, నురగ అణిగేదాకా కొలత ఒప్పుకోడు. బస్సులో ఎవరైనా పిలిచి కిటికీ పక్క సీటిస్తే, ఎండ ఏ వైపు నుంచి కొడుతుందో చూసుకుని గానీ కూర్చోడు. కట్టుకున్న భార్య స్వర్ణలత "ఉగ్గాని బాగా కుదిరింది, ఇంకొంచెం పెట్టుకోండి" అంటే, మిగిలిపోయింది తనకు అంటగడుతోందేమోనని గిన్నెలోకి తొంగిచూస్తాడు.

ఇట్లాంటి మనిషి పూర్తిగా నమ్మిన వస్తువు లోకంలో ఒకటుంది. పోగులు లెక్కబెట్టే ఇత్తడి మడత అద్దం. నేతగాళ్లకు నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఆయన. నేసి తెచ్చిన చీర మీద ఆ అద్దం నిలబెట్టి, ఎడమకన్ను మూసి, కుడికన్ను ఆనించి చూస్తే చాలు, నేసిన మనిషి ఆ పూట ఇంట్లో పోట్లాడిందో లేదో కూడా చెప్పగలనని ఆయన ధీమా. ఊళ్లో ఆ కంటికి పేరుంది. ఆ పేరు మీదే ఆయన వ్యాపారం నడుస్తోంది.

ఏడాదిగా ఆ కంటికి మద్దమ్మ దొరికింది.

సోమశేఖర్ నేయించే మగ్గాల్లో నూరో నంబరు సన్ననూలు నేసేది మద్దమ్మ ఒక్కతే. తక్కినవాళ్లంతా తువ్వాళ్లు, దుప్పట్లు నేస్తారు. వాటికి అద్దం పెట్టి చూసే పని లేదు. ఏడాది కిందటి దాకా మద్దమ్మ చీర మీద అద్దం పెట్టి, తలూపి, పక్కన పెట్టేవాడు. ఇప్పుడు ఏ చీర చూసినా ప్రతి పోగు పక్కనా ఇంకో పోగు అంటుకున్నట్టు పల్చగా కనిపిస్తోంది. ఆయనకు ఒకటే అర్థం తోచింది. తానిచ్చిన సన్ననూలు బయట అమ్ముకుని, నాసినూలు జంటపోగులుగా కలిపి నేస్తోంది.

తూకం వేసి చూస్తే సరిగ్గానే వచ్చింది. తూకం కోసం గంజి తక్కువ పెట్టిందనుకున్నాడు. చేత్తో తడిమితే మెత్తగానే తగిలింది. నేసినాక ఉతికి తెచ్చిందనుకున్నాడు. కొన్ని చీరలు తిప్పికొట్టాడు, కొన్నిటికి కూలి కోశాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఆ భూతానికి కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి వేసే తెలివి కూడా ఉంటుంది.

నీలకంఠేశ్వరుని జాతర అయిపోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున, మద్దమ్మ ఇంకో చీర తెచ్చి అరుగు మీద పెట్టింది. అరవై దాటిన మనిషి. సోమశేఖర్ కంటే పెద్దది. సోమశేఖర్ చీర మడత విప్పి, అద్దం నిలబెట్టి, కుడికన్ను ఆనించాడు. ముఖం చిట్లించాడు.

"మళ్లా జంటపోగే మద్దక్కా."

"నేను ఒంటిపోగే నేసినా."

"అంటే నా కన్ను అబద్ధం చెప్తాండాదా?"

"నీ కన్ను సంగతి నాకేం తెల్సు సోమశేఖరప్పా? నా చెయ్యి సంగతి నాకు తెల్సు."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. వాళ్ల ముందు తగ్గడం సోమశేఖర్‌కు కుదరలేదు. "నూలు యాడ అమ్ముకుంటాండావో చెప్పు, ఈ ఒక్కసారికి వదిలేస్తా" అన్నాడు.

మద్దమ్మ తల వంచుకుని, విప్పిన చీరను మళ్లీ మడతబెట్టసాగింది. సోమశేఖర్‌కు అది కూడా నేరం ఒప్పుకున్నట్టే అనిపించింది. తన గుమాస్తా రామలింగప్పను పిలిచి అందరికీ వినబడేట్టు చెప్పాడు. "రేపు పొద్దున పోయి, ఆయమ్మ మగ్గం మీదుండే మన పడుగు కోసుకోనిరా."

నేత ఇళ్లల్లో ఆ మాట ఎంత చెడ్డదో నేతగాళ్లకే తెలుసు. ఇంట్లో పీనుగ లేచినా మగ్గం ఆపుతారు గానీ, నిలువుపోగులుగా ఎక్కించి సగం నేసిన పడుగును నడిమధ్య కోయరు. కోస్తే ఆ మగ్గం దొంగమగ్గమని ముద్ర. ఇంకే షావుకారూ ఆ గడప తొక్కి నూలివ్వడు. మద్దమ్మ చీర అక్కడే వదిలేసి, కొంగు నడుముకు చెక్కుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ రోజే మధ్యాహ్నం కర్నూలు బస్సులో ఒక పెట్టె వచ్చింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే సోమశేఖర్ దుర్బిణి సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట పనిమీద కర్నూలు పోయినప్పుడు, ఒక కాలేజీ మైదానంలో జయరాజ్ అనే ఆయన దుర్బిణి పెట్టి వచ్చినవాళ్లందరికీ శనిగ్రహం చూపిస్తున్నాడు. ఊరికే చూపిస్తున్నాడంటే అందులో ఏదో ఉందని సోమశేఖర్ వరసలో నిలబడ్డాడు. చూశాడు. ఉంగరం తొడిగిన గోళీ ఒకటి నల్లటి నీళ్లలో తేలుతున్నట్టు కనిపించింది. గొట్టం లోపల బొమ్మ అంటించారేమోనని ముందుకు పోయి మూతికి చెయ్యి అడ్డం పెట్టమని పక్కాయన్ను అడిగి, మళ్లీ చూశాడు. బొమ్మ మాయమైంది. చెయ్యి తీస్తే వచ్చింది. అప్పుడు గానీ నమ్మలేదు. నమ్మినాక మాత్రం ఆగలేకపోయాడు. బతుకంతా బెత్తెడు దూరంలో పోగులు చూసిన కన్ను, అంత దూరం చూడగలదంటే ఆయనకు ఏదోలా అయిపోయింది. జయరాజ్ దగ్గరే ఒక పెద్ద గొట్టం కొని మిద్దె మీద పెట్టుకున్నాడు.

గొట్టంతో పాటు చిన్న నంబరుది ఒక్క ఐపీసే వచ్చింది. ఐపీసంటే మనం కన్ను ఆనించే చిన్న కటకం. దాన్ని మారిస్తే దుర్బిణి చూపు మారుతుంది. ఇంకో రెండు మూడు కావాలని సోమశేఖర్ ఫోన్ చేస్తే, జయరాజ్ మూడు పెట్టెలో సర్ది పంపించాడు. డబ్బు అడగలేదు. "వాడి సూడన్నా. నచ్చినవి పెట్టుకో, తక్కినవి పంపించు" అన్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడెవడు, సరుకు ముందు పంపి డబ్బు తర్వాత అంటున్నాడు? సోమశేఖర్ పెట్టెను నాలుగువైపులా తిప్పి చూసి, అతుకు దగ్గర ఎవరైనా ముందే తెరిచారేమో వేలితో తడిమి, అప్పుడు విప్పాడు. లోపల నల్లటి డబ్బీల్లాంటివి మూడు. ఒకదాని మీద ముప్పై, ఒకదాని మీద పదహైదు, ఒకదాని మీద ఆరు అని రాసుంది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా జయరాజ్, ముప్పై నంబరుదే అన్నిటికన్నా బాగా దగ్గరికి తెచ్చి సూపిస్తాది కదా?"

"కాదన్నా. ఆరుదే బాగా దగ్గరికి తెస్తాది. ముప్పైదాంట్లో అన్నీ చిన్నగా కనపడ్తాయి. కాకుంటే శానా ఆకాశం ఒక్కసారే కనపడ్తాది."

సోమశేఖర్ పెదవి విరిచాడు. నూలులో నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, విలువ పెరుగుతుంది. నూలు పట్టిన ప్రతివాడికీ తెలిసిన లెక్క అది. పెద్ద నంబరు వేసి తక్కువ చూపించే సరుకును ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"మూడిట్లో ఏది పెట్టుకోమంటావు?"

"నీ ఇష్టమన్నా. అయితే ముప్పైదాన్ని మాత్రం వదలొద్దు. దాంతో పిల్లలకోడి చుక్కల్ని సూడు, నాకు ఫోన్ చెయ్యి."

వదలొద్దన్నాడంటే అదే ఎవరూ కొనక మూలన పడున్న సరుకని సోమశేఖర్‌కు అర్థమైపోయింది. పైగా జయరాజ్‌కు కర్నూలులో ఉన్న అంగడి కళ్లద్దాల అంగడి. గాజుముక్కలు అంటగట్టడం వాడికి వచ్చిన విద్య. సాయంత్రం దాని గుట్టు బయటపెట్టాలని సోమశేఖర్ హుషారుగా కాచుకున్నాడు. మద్దమ్మ గుట్టు పొద్దున్నే బయటపెట్టాడు కదా, రోజు బాగుందనుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు మిద్దె ఎక్కాడు. పడమటి దిక్కున నెలవంక ఇంకా ఉంది. ముందు ఆరు నంబరుది పెట్టి చంద్రుణ్ణి చూశాడు. గుంతలు, గుంతల అంచుల నీడలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఈ సరుకు మంచిదే, పేరు పెట్టడానికి లేదు. పదహైదుది పెట్టాడు. ఫరవాలేదు గానీ, ఎక్కడో చిన్న తేడా ఉన్నట్టు అనిపించింది. ఆఖరికి ముప్పైది తొడిగి, నడినెత్తికి కొంచెం పడమరగా ఉన్న పిల్లలకోడి వైపు, అంటే కృత్తికల వైపు, గొట్టం తిప్పాడు. వట్టికంటికి చిన్న గుంపులా కనిపించే ఆ చుక్కలు దుర్బిణిలో విడివిడిగా, కాటుక మీద ఉప్పు చల్లినట్టు కనిపించాలి.

కనిపించాయి. కానీ ప్రతి చుక్క పక్కనా ఇంకో చుక్క అంటుకుని ఉంది. పల్చగా, కొంచెం కిందికి, కుడివైపుకి. అన్నిటికీ ఒకే వైపు.

"దొరికినావురా!" అన్నాడు సోమశేఖర్ పైకే. బట్టల వ్యాపారంలో మోసం అంచుల్లో ఉంటుంది, మడత పైన మంచిదే చూపిస్తారు. ఈ కటకం మధ్యలోనే చెడింది. అయినా నిర్ధారణ కోసం మిద్దె మీద ఆరేసిన ఒడియాలు తీస్తున్న స్వర్ణలతను పిలిచాడు.

స్వర్ణలత వంగి చూసింది. చాలాసేపు లేవలేదు. "అబ్బ, ఎంత బాగుండాయి! జల్లెడ పట్టినట్టు ఉండాయి" అంది.

"ఒక్కోదాని పక్కన ఇంకోటి కనపడ్తాండాది కదా?"

"యాడ? దేనికదే ఉండాది."

"సరిగ్గా సూడు."

"సరిగ్గానే సూస్తాండా. ఒకటి ఒకటే."

సోమశేఖర్ ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. "మధ్యాహ్నం నేను తింటాండేటప్పుడు జయరాజ్ ఫోన్ చేస్తే నువ్వే కదా ఎత్తింది? ఏమన్నాడు?"

స్వర్ణలత చేతిలోని చాటను గోడమీద పెట్టింది. "పెట్టె వచ్చిందా అన్నాడు, వచ్చిందన్నా. మీకు ఇష్టం లేకుంటే వెనక్కి పంపించండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నన్ను మధ్యలోకి లాగొద్దు" అని ఒడియాలతో కిందికి దిగిపోయింది.

సోమశేఖర్ ఇంకోసారి చూశాడు. జంటచుక్కలే. జయరాజ్‌కు ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా అంతా కక్కాడు. అవతల జయరాజ్ ఓపిగ్గా విన్నాడు.

"అన్నా, ఆ అద్దాన్ని గొట్టంలోంచి తియ్యొద్దు. ఉండేచోటనే గుండ్రంగా తిప్పు, తిప్పుతా సూడు. దోషం అద్దంలో ఉంటే పక్కనుండే చుక్క కూడా దాంతో పాటు తిరుగుతాది."

సోమశేఖర్ తిప్పాడు. సగం తిప్పాడు, పూర్తిగా తిప్పాడు. పక్కచుక్క కదల్లేదు. కిందికి, కుడివైపుకే ఉంది.

"తిరగలేదప్పా."

"అట్లయితే అద్దాన్ని ముట్టుకోవద్దు. నీ తలకాయ పక్కకు వాల్చి సూడు."

వాల్చాడు. పక్కచుక్క కూడా వాలింది. తల ఇటు వాలిస్తే ఇటు, అటు వాలిస్తే అటు. పెంపుడుకుక్కలా తల వెంటే తిరుగుతోంది.

"కన్ను సూపిచ్చుకో అన్నా" అన్నాడు జయరాజ్ మెల్లగా. "శుక్లం మొదలైతే ఇట్ల కనపడ్తాది. చిన్న నంబరుదాంట్లో వెలుతురు సన్నగా వస్తాది కాబట్టి దోషం కనపడదు. పెద్దదాంట్లో కన్నంతా వాడతాం, అందుకే బయటపడింది."

సోమశేఖర్‌కు ఒళ్లు మండింది. కళ్లద్దాలు అమ్మేవాడు కన్ను చెడిందనక ఇంకేమంటాడు! ముందు గాజుముక్క అంటగట్టాలి, అది కుదరకపోతే కంటికే పేరు పెట్టాలి. "నా కన్ను సంగతి ఎమ్మిగనూరులో అడుగు పోప్పా" అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాడు గానీ అక్కణ్నుంచి కదల్లేకపోయాడు. తల వాలిస్తే చుక్క వాలింది. జయరాజ్ కర్నూలులో కూర్చుని ఆ చుక్కను ఎట్లా వాల్చగలడు? ఎంత అనుమానించినా ఆ ఒక్కటీ జయరాజ్ మీదికి తోయడం కుదరలేదు. ఇక మిగిలింది ఎడమకంటితో చూడటం. ఆ పని ఆయన ఎన్నడూ చేయలేదు. కుడికన్ను ఒక్కదాన్నే మూయడం కూడా ఆయనకు చేతకాలేదు, మూస్తే రెండూ మూసుకుంటున్నాయి. చివరికి అరచెయ్యి కుడికంటికి అదిమిపెట్టుకుని, ఎడమకన్ను ఆనించాడు.

పిల్లలకోడి చక్కగా, దేనికదిగా కనిపించింది. పక్కన ఏమీ లేదు.

చూపు పోతోందన్న భయం ముందు కలిగింది. కానీ అది ఒక్క క్షణమే. ప్రతి చుక్క పక్కనా పల్చగా అంటుకున్న ఇంకో చుక్క. అచ్చం అట్లాంటిదాన్నే ఆయన ఏడాదిగా చూస్తున్నాడు. ఎక్కడ చూస్తున్నాడో గుర్తొచ్చింది.

మిద్దె మెట్లు గోడ పట్టుకుని దిగాడు. పొద్దున మద్దమ్మ వదిలిపోయిన చీర అరుగు పక్క గదిలోనే ఉంది. లైటు వేసి, అద్దం పెట్టి, కుడికంటితో చూశాడు. జంటపోగు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఎడమకంటితో చూశాడు. ఒంటిపోగు. చీర ఇంకోచోట విప్పి చూశాడు, అంచు దగ్గర చూశాడు. అంతటా ఒంటిపోగే. సన్నగా, తిన్నగా, తప్పు పట్టడానికి లేకుండా నేసింది మద్దమ్మ.

సోమశేఖర్‌కు ఏడుపొచ్చింది. పొద్దున వీధిలో నలుగురి ముందు దొంగ అన్నాడు ఆమెను. ఏడాదిగా తిప్పికొట్టిన చీరలు, కోసిన కూలి, 'ఒంటిపోగే నేసినా' అని ఆమె ప్రతిసారీ అన్న ఆ ఒక్క మాట, అన్నీ ఒకటొకటిగా వచ్చి ఎదుట నిలబడ్డాయి. ఇంతకాలం ఊరందరినీ అనుమానించినవాడు, తన కంటిని మాత్రం ఒక్కపూట కూడా అనుమానించలేదు.

తెల్లారితే రామలింగప్ప కత్తెర పట్టుకుని పోతాడు. సోమశేఖర్ చీర చంకన పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు. మద్దమ్మ ఇల్లు రెండు సందుల అవతలే. అరుగుల మీద కూర్చున్నవాళ్లు షావుకారు ఈ వేళప్పుడు ఇట్లా పోతున్నాడేమని వింతగా చూశారు.

తలుపు తీసే ఉంది. మద్దమ్మ గడప లోపల కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. ఆమె వెనక మగ్గం ఖాళీగా ఉంది. సగం నేసిన గుడ్డా, నేయని పడుగూ చుట్టచుట్టి, తాడు కట్టి, మూలన పెట్టి ఉన్నాయి.

"మద్దక్కా, పడుగు..."

"కోసినా. రేపు నీ మనిషి వచ్చి నా మగ్గం మీద కత్తెర పెట్టేదాకా ఉండమంటావా? ఎత్తుకోనిపో. తూకం వేసుకో."

సోమశేఖర్ గడప బయటే నిలబడిపోయాడు. "తప్పు నీ నేతలో లేదు మద్దక్కా. నా కంట్లో ఉండాది. కుడికన్ను చెడింది. ఒకటి ఉంటే రెండుగా కనపడ్తాండాది. ఇప్పుడే తెలిసింది నాకు" అన్నాడు.

మద్దమ్మ చాటలోంచి చూపు ఎత్తి ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చెప్పుల్లేని కాళ్లను కూడా చూసింది.

"ఏడాదిగా నా చెయ్యి దొంగదంటివి. ఈ పొద్దు నీ కన్ను చెడిందంటాండావు. దీంట్లో నీకేం లాభం?"

"లాభం కాదక్కా. రేపు పొద్దున కొత్త పడుగు పంపిస్తా. నిన్ను ఏ వీధిలో అన్నానో ఆ వీధిలోనే నిలబడి తప్పు నాదని చెప్తా."

"ఏంటికి? సన్ననూలు నేసేటోళ్లు ఇంకెవరూ దొరకలేదా?"

ఏం చెప్పినా ఆమె నమ్మదని సోమశేఖర్‌కు అర్థమైంది. ఆమె స్థానంలో ఉంటే తానూ ఆ ప్రశ్నే అడిగేవాడు. అడిగి, జవాబు వినకుండా తలుపు కూడా వేసుకునేవాడు. చేసేదిలేక చంకలోని చీర తీసి రెండు చేతులతో ముందుకు చాపాడు.

"ఇది నువ్వు పొద్దున తెచ్చిన చీర. పోగు తప్పు లేదు. కూలి కోయను, ఇంకోరి చేత సూపియ్యను. నీ చేతికి ఇచ్చి చెప్పిపోదామని వచ్చినా."

మద్దమ్మ చాట పక్కన పెట్టి లేచింది. చీర అందుకుంది. ఏమీ అనకుండా బల్బు కిందికి పోయి, మడతలన్నీ విప్పి, ఒక చెంగు పట్టుకుని అంచు వెంబడి వేళ్లతో తడుముతూ, వెలుతురుకు ఎత్తి చూడటం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపలేదు.

"ఏం సూస్తాండావు మద్దక్కా?" అన్నాడు సోమశేఖర్ గడప బయటనుంచే.

"నేను నేసిందేనా, మార్చి తెచ్చినావా అని" అంది మద్దమ్మ.